టీవీలో సంగీత దర్శకులు, మా చిన్నాన్న ప్లైవుడ్ చెక్క

ఘంటసాల గారు పోయింది 1974 ఫిబ్రవరిలో. మద్రాసుకి టీవీ వచ్చింది 1975లో, హైదరాబాద్ దూరదర్శన్ మొదలైంది 1977లో. అంటే తెలుగువాళ్ళ ప్రతి ఇంట్లోనూ గొంతు వినిపించిన ఆ మనిషిని మన టీవీ కెమెరా ముందు కూర్చోబెట్టి, మాస్టారూ ఆ పాటకి వరస ఎలా కట్టారు అని అడిగే రోజే రాలేదు. ఈ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది. సంగీత దర్శకుల్లో పెండ్యాల గారు 1984లో పోయారు, రమేశ్ నాయుడు గారు 1987లో, సత్యం గారు 1989లో. అప్పటికి మా ఊళ్ళో టీవీ అంటే ఏ కొందరి ఇళ్ళల్లోనో ఉండే బ్లాక్ అండ్ వైట్ డబ్బా, అందులోనూ ఎక్కువగా ఢిల్లీ నుంచొచ్చే హిందీయే. పాటలు మాకు నోటికొచ్చు, పేర్లు చెవిని పడేవి, మనుషులు ఎలా ఉంటారో మాత్రం తెలీదు.

మాది సాలూరు. బయటివాళ్ళకి సాలూరంటే లారీలు, బాడీ బిల్డింగ్ షెడ్లు, బొబ్బిలి నుంచి ఒకప్పుడొచ్చే రైల్‌బస్సు, అంతే. పాటల పిచ్చి ఉన్నవాళ్ళకి మాత్రం ఇంకో లెక్క. సాలూరి రాజేశ్వరరావు గారు పుట్టిన శివరామపురం మా మండలమే. ఘంటసాల గారికి విజయనగరంలో సంగీతం నేర్పిన పట్రాయని సీతారామశాస్త్రి గారిని జనం సాలూరు చిన గురువుగారు అనే పిలిచేవారు. మరి ఇలాంటి ఊళ్ళో పుట్టి పాట అంటే హీరో పేరు, హీరోయిన్ పేరు చెప్పి ఊరుకుంటే మా చిన్నాన్న ఊరుకునేవాడు కాదు.

చిన్నాన్న పగలు లారీ బాడీ షెడ్డులో చెక్కపని చేసేవాడు, రాత్రిళ్ళు చుట్టుపక్కల ఊళ్ళల్లో పద్యనాటకాలకి హార్మోనియం వాయించేవాడు. షెడ్డులో ఒక రేడియో ఉండేది, దుమ్ముకొట్టుకుపోయి, నాబ్ ఊడిపోయి, అగ్గిపుల్ల దూర్చి తిప్పాల్సి వచ్చేది. వివిధ భారతిలో పాటకి ముందు చిత్రం ఫలానా, రచన ఫలానా, సంగీతం ఫలానా అని చెప్తారు కదా, సరిగ్గా ఆ ముక్క దగ్గర చిన్నాన్న చేతిలో ఉలి ఆగిపోయేది. పక్కన రంపం కోస్తున్నవాణ్ణి కూడా చెయ్యెత్తి ఆపేవాడు. పేరు విన్నాక మళ్ళీ పని. తన కుర్రతనంలో అయితే రేడియో సిలోన్లో మీనాక్షి పొన్నుదురై గారు చెప్పే పేర్లు వినడానికి స్టేషన్ అందకపోతే రేడియో పట్టుకుని ఇల్లంతా తిరిగేవాడినని చెప్పేవాడు. "పాట బాగుంది పాట బాగుంది అంతావు, కట్టినోడి పేరు సెప్పరా ముందు" అనేవాడు నన్ను. చెప్పలేకపోతే బెల్లంముక్క లేదు. నాకు సంగీత దర్శకుల పేర్లు అలా వచ్చాయి, బెల్లం కోసం.

సినిమాహాల్లో చూస్తే వేరే లోకం. టైటిల్స్ పడుతుంటే హీరో పేరుకి ఈలలు, కాగితాలు ఎగరెయ్యడం, సంగీతం అని పేరు పడేసరికి జనం సర్దుకుని కూర్చోవడంలో ఉండేవాళ్ళు. ఆ పేరుకి మా వరసలో ఒక్క చప్పట్లు వినిపించేవి, అవి ఎవరివో చెప్పక్కర్లేదు. శంకరాభరణం 1980లో వచ్చినప్పుడు మా జిల్లా అంతా ఊగిపోయిందట, నేనప్పుడు చంటివాణ్ణి, ఇంట్లో చెప్పగా విన్నదే. శంకరశాస్త్రి వేషం కట్టిన సోమయాజులు గారు విజయనగరం నాటకాల్లోంచి వచ్చిన మనిషి కాబట్టి ఆయన్ని అందరూ గుర్తుపట్టేవాళ్ళు, కాళ్ళకి దండం పెట్టేవాళ్ళు. ఆ పాటలన్నీ కట్టిన కె.వి. మహదేవన్ గారు మా పెద్దబజార్లో సంచి పట్టుకుని నడుచుకుంటూ పోయినా ఒక్కడు తలెత్తి చూసేవాడు కాదు. ఉత్తమ సంగీత దర్శకుడికి జాతీయ అవార్డు ఇవ్వడం మొదలుపెట్టిందే ఆయనతో, 1967లో, ఒక తమిళ సినిమాకి, తర్వాత మళ్ళీ శంకరాభరణానికి. తెలుగు ఆయన మాతృభాష కాదు, అయినా సాహిత్యం ముందు రాయించుకుని, దానిమీద వరస కట్టేవారు. పక్కనే ఆయన అసిస్టెంట్ పుహళేంది గారు ఉండేవారు, ఆ పేరు కూడా కలిపి చెప్పకపోతే చిన్నాన్నకి కోపం.

మా ఇంట్లోకి డయనోరా టీవీ వచ్చాక శుక్రవారం చిత్రలహరి దగ్గర వీధివాళ్ళంతా మా ముందు గదిలోనే. పాట వచ్చేది, పోయేది, అందులో డాన్సు చేసేవాళ్ళు కనిపించేవాళ్ళు, కట్టినవాళ్ళ ముఖం ఎక్కడా ఉండేది కాదు. చిన్నాన్న గోడకి ఆనుకుని కూర్చుని పాట పాటకీ పేరు ప్రకటించేవాడు, అదే మాకు టైటిల్ కార్డు.

అసలు మార్పు కేబుల్ వచ్చాక. ఈటీవీ 1995 ఆగస్టులో మొదలైంది, తర్వాత ఏడాది పాడుతా తీయగా. ఆ పేరే మహదేవన్ గారి పాటలోంచి తీసుకున్నది, మూగమనసులులో ఘంటసాల గారు పాడింది. బాలు గారు ఆ ప్రోగ్రాం నడిపిన తీరు గురించి చాలామంది చాలా రాశారు, పిల్లల తప్పులు ఎలా సరిదిద్దేవారు, ఎంత ప్రేమగా మాట్లాడేవారు అని. నేను చెప్పాలనుకునేది ఒక్కటే. పిల్లవాడు పాట మొదలుపెట్టే ముందు సినిమా పేరు, రాసిన కవి పేరు, సంగీతం చేసినవాళ్ళ పేరు, పాడినవాళ్ళ పేరు, ఇవన్నీ చెప్పాల్సిందే. పాట అయిపోయాక బాలు గారు అందుకునేవారు, ఆ చరణం ముందు వచ్చే వయొలిన్ బిట్టు నోటితోనే పాడి చూపించేవారు, తర్వాత ఫ్లూట్ ఎక్కడ అందుకుంటుందో చూపించేవారు, తబలా నడక మారే చోటు తొడమీద కొట్టి చూపించేవారు. ఆ పాట మేము వందసార్లు విన్నదే, అందులో అలాంటి చోటొకటి ఉందని మాకు ఆ రోజే తెలిసేది.

తనకి మొదటి అవకాశం ఇచ్చిన కోదండపాణి గారి పేరు వస్తే బాలు గారి గొంతు మారిపోయేది. 1966 డిసెంబర్లో ఆ మొదటి పాట రికార్డయింది, తర్వాత ఎన్నో ఏళ్ళకి తను స్టూడియో కట్టుకున్నప్పుడు దానికి కోదండపాణి అనే పేరు పెట్టుకున్నారు. ఈ సంగతి విన్నప్పుడు చిన్నాన్న టీవీకి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టడం నాకింకా కళ్ళముందే ఉంది. "గురువు పేరు గోడ మీదెట్టినాడ్రా, ఆడు మనిసంటే" అన్నాడు. మా ప్రాంతంలో ఆడు అంటే అమర్యాద కాదు, ముద్దు.

ఆ ప్రోగ్రాం వచ్చే రాత్రి చిన్నాన్న హార్మోనియం తెచ్చుకుని టీవీ ముందు కూర్చునేవాడు. పిల్ల పాడుతుంటే ఎడం చేత్తో బెలోస్ కొడుతూ కుడిచేత్తో శృతి వెతుక్కునేవాడు, "ఐదున్నరలో పాడతంది" అని దొరకబుచ్చుకుని, చరణం వచ్చేసరికి తనూ వెంటపడేవాడు. వేళ్ళ చివర్లు ఫెవికాల్ ఎండిపోయి తెల్లగా ఉండేవి, ఒక వేలికి ఎప్పుడూ ఏదో గుడ్డపీలిక. పాట అయిపోగానే ఠక్కున ఆపేవాడు, ఎందుకంటే బాలు గారు ఏం చెప్తారో వినాలి కదా. మా అమ్మకి ఆ రొద వల్ల పాట సరిగ్గా వినబడేది కాదు, అయినా మరిదిని ఒక్క మాట అనేది కాదు, టీవీ సౌండ్ ఇంకాస్త పెంచేది, చిన్నాన్న ఇంకాస్త గట్టిగా వాయించేవాడు.

ఆ ప్రోగ్రాంకి, ఆ తర్వాత వేరే ఛానళ్ళలో వచ్చిన ఇలాంటి ప్రోగ్రాములకి సంగీత దర్శకులు అతిథులుగా రావడం మొదలయ్యాక మాకు పండగే. అన్నాళ్ళూ క్యాసెట్ అట్టమీద పేర్లుగా ఉన్నవాళ్ళు మాట్లాడుతుంటే, దగ్గుతుంటే, నీళ్ళు తాగి గొంతు సవరించుకుని ఒక ముక్క పాడుతుంటే అదో అపురూపం. వాళ్ళల్లో చాలామందికి అంత మందిలో మాట్లాడటం అలవాటు లేదు, ప్రశ్నకి సగం జవాబు చెప్పి మిగతా సగం హమ్ చేసేవాళ్ళు. నాకు ఆ హమ్మింగే ముఖ్యం. మాటల్లో చెప్పలేనిది అక్కడ దొరికేది.

కోటి గారు ఇంటర్వ్యూల్లో చెప్పే కబుర్లతో చిన్నాన్నకి కొత్త పిచ్చి పట్టుకుంది. కోటి గారంటే మా రాజేశ్వరరావు గారి అబ్బాయి. రాజ్ గారు టి.వి. రాజు గారి అబ్బాయి. ఇద్దరు పెద్ద సంగీత దర్శకుల కొడుకులు కలిసి రాజ్-కోటి అయ్యారు. వాళ్ళ దగ్గర దిలీప్ అని ఒక కుర్రాడు కీబోర్డు వాయించేవాడు, ఆ దిలీపే ఏ.ఆర్. రెహమాన్. మణిశర్మ గారూ వాళ్ళ దగ్గర కీబోర్డు వాయించినవారే. ఇవి విన్న రోజు చిన్నాన్న షెడ్డు నుంచి ఒక ప్లైవుడ్ ముక్క తెచ్చాడు, చెవిమీదున్న వడ్రంగి పెన్సిల్ తీసి నడిమధ్యలో సంగీత దర్శకుడు చక్రవర్తి గారి పేరు రాశాడు. రాజ్, కోటి ఇద్దరూ చక్రవర్తి గారి దగ్గర పనిచేసినవాళ్ళే కాబట్టి అక్కణ్ణుంచి ఒక గీత. కీరవాణి గారు కూడా మొదట్లో చక్రవర్తి గారికి అసిస్టెంటే, ఇంకో గీత. రాజ్-కోటి నుంచి కిందకి రెహమాన్, మణిశర్మ. చక్రవర్తి గారబ్బాయి శ్రీ, గాయం సినిమాకి సంగీతం చేసిన శ్రీ, అదొక గీత. పైన సాలూరి, టి.వి. రాజు. ఆ చెక్క మా ముందు గదిలో టీవీ పక్కనే నిలబెట్టేశాడు, కొత్తగా ఎవరైనా ఇంటర్వ్యూలో మా గురువు ఫలానా అంటే వెంటనే పెన్సిల్ పట్టుకుని లేచేవాడు. చాలా ఏళ్ళకి తమన్ గారి నాన్నగారు చక్రవర్తి గారి దగ్గర డ్రమ్స్ వాయించేవారని తెలిసింది, అప్పటికి చెక్కమీద చోటు లేదు, అంచున నిలువుగా రాశాడు.

నాకు ఆ చెక్క చూసే అర్థమైంది, మద్రాసులో ఆ రోజుల్లో పనంతా కొద్ది గదుల్లో జరిగేదని. పొద్దున్న ఒకరి దగ్గర కీబోర్డు, మధ్యాహ్నం ఇంకొకరి దగ్గర, వాయిస్తూ వాయిస్తూ నేర్చుకోవడమే. మనం తెరమీద ఒక్కరి పేరు చూస్తాం, ఆ పేరు వెనక అరేంజర్ ఉంటాడు, అసిస్టెంట్ ఉంటాడు, రిథమ్ చూసుకునేవాళ్ళుంటారు. మల్లీశ్వరి సంగతే తీసుకోండి, బాణీలు రాజేశ్వరరావు గారివి, ఆర్కెస్ట్రా అద్దేపల్లి రామారావు గారిది. ఆ రెండో పేరు ఎంతమందికి గుర్తుంది? టీవీలో పెద్దాయన ఎవరైనా కూర్చుని, ఆ బిట్టు నాది కాదమ్మా, ఫలానా వాళ్ళు వాయించారు అని చెప్పినప్పుడు ఆ వాయించినాయనకి ఇన్నేళ్ళ తర్వాత పేరు దక్కేది. నాకు తెలిసి టీవీ చేసిన మంచి పనుల్లో ఇదొకటి.

రాజేశ్వరరావు గారు 1999 అక్టోబర్లో పోయారు. 1935లో శ్రీకృష్ణలీలలులో కృష్ణుడి వేషం కట్టిన కుర్రాడు, మా మండలం కుర్రాడు, ఆ తర్వాత యాభయ్యేళ్ళకి పైగా మన పాటకి ఒక నాజూకు నేర్పిన మనిషి. ఆయన్ని టీవీలో తీరిగ్గా చూడాలని, మల్లీశ్వరి పాటలు ఆయనే హార్మోనియం మీద వాయిస్తుంటే వినాలని చిన్నాన్న ఆశ. మా ఇంట్లో టీవీకి ఆ రాత్రి ఎప్పటికీ రాలేదు. ఆయన పోయిన మర్నాడు షెడ్డుకి వెళ్ళకుండా ఇంట్లోనే కూర్చుని ఒకదాని తర్వాత ఒకటి వాయించుకున్నాడు, నేను పక్కన కూర్చుని పేజీలు తిప్పడానికి కూడా పనిలేక ఊరికే విన్నాను, పుస్తకం చూసి వాయించే మనిషి కాదు కదా.

తర్వాత రోజులు మారాయి. ఆడియో ఫంక్షన్లు టీవీలో లైవ్ రావడం, సంగీత దర్శకుడు స్టేజీ ఎక్కగానే కుర్రాళ్ళు హీరోకి అరిచినట్టు అరవడం, దేవిశ్రీ ప్రసాద్ గారైతే స్టేజీ మీద ఎగిరి పాడటం, ఇవన్నీ చూశాక చిన్నాన్నకి నచ్చదేమో అనుకున్నా. చాలా నచ్చింది. "ఇన్నాళ్ళకి ఈల కొట్టినారు" అన్నాడు. రెహమాన్ గారికి 2009లో రెండు ఆస్కార్లు వచ్చిన పొద్దున ప్లైవుడ్ మీద ఆయన పేరు చుట్టూ గుండ్రంగా గీత గీశాడు.

2023 మార్చి 13, సోమవారం, ఆస్కార్లు ఇచ్చిన రోజు. నేను అప్పటికి హైదరాబాద్లో ఉద్యోగం, పొద్దున్నే లేచి టీవీ పెట్టుకుని కూర్చున్నా. నాటు నాటు పేరు చదివారు, కీరవాణి గారు, చంద్రబోస్ గారు స్టేజీ ఎక్కారు. కీరవాణి గారు కార్పెంటర్స్ అనే అమెరికన్ బ్యాండ్ పాటలు వింటూ పెరిగానని చెప్పి, తను చెప్పదలుచుకున్నది వాళ్ళ పాట వరసలో పాడేశారు. ప్రపంచమంతా చూస్తున్న చోట, ఒక్క నిమిషం టైమిచ్చిన చోట, ఆ మనిషి మాట్లాడకుండా పాడాడు. మాటకంటే వరస సులువుగా వచ్చే మనిషి అలాగే చేస్తాడు, టీవీలో మేము చూసిన పెద్దవాళ్ళందరూ సగంలో ఆపి హమ్ చేసింది అందుకే కదా. తమిళంలో మరగతమణి, హిందీలో ఎం.ఎం. క్రీమ్, మనకి కీరవాణి, మూడు చోట్ల మూడు పేర్లతో తిరిగిన మనిషిని ఆ రోజు అందరూ ఒకే పేరుతో పిలిచారు.

ఫోన్ మోగింది, చిన్నాన్న. ఎనభైకి దగ్గరపడ్డాడు, చెవి సరిగ్గా వినిపించదు, అందుకని అరుస్తాడు. "సూసినావా? సక్రవర్తి గారి గదిలోంచొచ్చినోడే. సెప్పు మీ ఆఫీసులో అందరికీ" అన్నాడు. ఆఫీసులో చెప్పాను కూడా. కుర్రాళ్ళు చక్రవర్తి ఎవరని అడిగారు, లంచ్ టైమంతా దానికే సరిపోయింది, నాకు చాలా సంతోషంగా అనిపించింది. రెండు నెలలకి, మే 21న, రాజ్ గారు పోయారు. చిన్నాన్న మళ్ళీ ఫోన్ చేశాడు, ఈసారి అరవలేదు.

ఇప్పుడు ఇంటర్వ్యూలకి కొదవలేదు, యూట్యూబ్ నిండా గంటలు గంటలు. కానీ చాలా వాటిల్లో అడిగేది ఏ హీరోతో పడలేదు, ఎవరెంత ఇచ్చారు, ఎందుకు విడిపోయారు. ఒకసారి ఒక ఛానల్లో ఒక పెద్దాయన ఏదో పాట పల్లవి అందుకుని, ఇది మొదట ఇలా అనుకున్నాం అని పాత వరస పాడబోతుంటే యాంకర్ అడ్డొచ్చి బ్రేక్ అంది. బ్రేక్ అయ్యాక వేరే ప్రశ్న. ఆ పాత వరస ఏంటో నాకు ఇప్పటికీ తెలీదు, ఆ మనిషి ఇప్పుడు లేరు. నాకు ఆ రోజు వచ్చిన బాధ ఇంతా అంతా కాదు. పెండ్యాల గారిని శివశంకరీ గురించి అడగాలి కదా, దర్బారీ కానడలో ఆ స్వరాలన్నీ ఘంటసాల గారితో ఎన్ని రోజులు కూర్చుని సాధన చేయించారు, ఏది ముందు పుట్టింది ఏది తర్వాత అని? రమేశ్ నాయుడు గారిని మేఘసందేశం పాటల గురించి అడగాలి కదా, బొంబాయి, కలకత్తాల్లో తిరిగొచ్చిన మనిషి ఆ జానపదం, ఆ శాస్త్రీయం ఎక్కడ కలిపారని? సుసర్ల దక్షిణామూర్తి గారు 2012 దాకా ఉన్నారు, జె.వి. రాఘవులు గారు 2013 దాకా ఉన్నారు, ఇన్ని ఛానళ్ళుండగా వాళ్ళ ముందు హార్మోనియం పెట్టి రెండు గంటలు కదపకుండా కూర్చోవాల్సింది.

కోటి గారున్నారు, మణిశర్మ గారున్నారు, కీరవాణి గారున్నారు, ఇళయరాజా గారున్నారు. ఛానళ్ళలో పనిచేసే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, వాళ్ళ ముందు కీబోర్డు పెట్టండి, ఒక్కో పాట తీసుకుని ఎలా కట్టారో అడగండి, వాయించినవాళ్ళ పేర్లు అడగండి, మధ్యలో ఆపకండి.

ఇంకో మాట. పాత వీహెచ్ఎస్ క్యాసెట్లలో దూరదర్శన్ ప్రోగ్రాములు రికార్డు చేసి పెట్టుకున్న కుటుంబాలు కొన్నైనా ఉంటాయి, అలాంటివాళ్ళు మీకు తెలిస్తే అటకమీంచి దింపి బూజు పట్టకముందే డిజిటల్ చేయించమనండి. ముందు పెండ్యాల గారిది, సత్యం గారిది, రమేశ్ నాయుడు గారిది వెతకండి, ఐదు నిమిషాలున్నా చాలు. దొరికితే నాకో మెసేజ్ పెట్టండి, మా చిన్నాన్నకి చూపించాలి.